విను చెవియు, చాటు నోరును

2025వ సంవత్సరము మే నెల మొదటి వారమున భారత ప్రభుత్వమువారు ప్రాదేశిక సైన్యమును సేవకు పిలుచు అధికారమును సేనాధిపతికి ఒసంగిరి. ఆ సైన్యమునకు గల 32 పదాతి దళములలో 14 దళములను దేశమునందలి వివిధ సేనామండలములలో నిలుపుటకు ఉత్తరువు వెలువడినది. ఈ సైన్యము మనవంటి గృహస్థులతో నిండినది. ఉద్యోగమో, వ్యాపారమో, సేద్యమో చేసికొనుచు, ఏటికి కొంతకాలము శిక్షణము పొంది, పిలుపు వచ్చిననాడు తుపాకి పట్టువారే ఇందలి సైనికులు. 1948లో దీనికి శాసనము పుట్టినది; 1949 అక్టోబరు 9వ తేదీన నాటి గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు దీనిని ప్రారంభించిరి. ఇతర దేశములలో రిజర్వు సేన యని దేనిని పిలుతురో, మనకు దానికి మిక్కిలి సమీపమైనది ఇది.

ఆ ఉత్తరువునకు పది దినములు ముందుగా, ఏప్రిల్ 26వ తేదీన, కేంద్ర సమాచార ప్రసార శాఖవారు పత్రికలకును, టెలివిజను సంస్థలకును, సాంఘిక మాధ్యమములలో వ్రాయువారికిని ఒక హెచ్చరిక చేసిరి. సైన్యముల కదలికను కదలుచుండగనే చూపరాదనియు, ఆధారములనుబట్టి దానిని వెల్లడింపరాదనియు, కార్గిలు యుద్ధమునందును, 2008 బొంబాయి దాడులయందును, కాందహారు విమానాపహరణమునందును ఇట్టి ప్రసారములవలన దేశమునకు కీడు మూడినదనియు దానిలో జ్ఞాపకము చేసిరి. పాటించినవారు పాటించిరి. కొన్ని టెలివిజను సంస్థలు ఆ వారమున చేసిన కోలాహలమును పాఠకులు మఱచి యుండరు గనుక దానినిగూర్చి మేము వేఱుగా వ్రాయ నక్కఱలేదు.

కాని ఆ హెచ్చరికలో ఎవ్వరును పేర్కొనని చెవి యొకటి కలదు. అది పత్రికా కార్యాలయమున లేదు. ఏ వీధిలోనో, ఏ మిద్దెమీదనో, చదువుకొను పిల్లవాని బల్లమీద నున్నది. దానినిగూర్చియే ఈ వారము వ్రాయ దలచితిమి.

బొటనవ్రేలంతటి పరికర మది. టెలివిజను ప్రసారములను కంప్యూటరుమీద చూచుకొనుటకై చౌకగా తయారైన పనిముట్టు. 2012 ప్రాంతమున విదేశములలో కొందఱు ఔత్సాహికులు దానిని పరీక్షించి, సుమారు 24 మెగాహెర్ట్జులు మొదలు 1,700 మెగాహెర్ట్జులకు పైవఱకు ఏ తరంగమునైనను అది పట్టగలదని లోకమునకు వెల్లడించిరి. అంతకు పూర్వము ఇట్టి పని చేయు యంత్రమునకు స్కానరని పేరు. అది ఒక్కొక్క తరంగమును తడవుచు పోయి, మాట వినబడినచోట ఆగును. మాట ముగియగనే మరల సాగును. ఆ యంత్రము ధనవంతుల వేడుకగా నుండెను. ఇప్పుడు రెండు మూడు వేల రూపాయలును, ఒక పాత కంప్యూటరును, గజము పొడవు రాగితీగయు నున్న చాలును. తరంగములన్నియు తెరమీద రంగుల జలపాతమువలె జాఱుచు కనబడును. ఎక్కడ ఎవడు మాటాడుచున్నాడో చెవికంటె ముందు కన్నే చెప్పును.

సైనికులును, పోలీసులును, విమానములవారును ఎక్కువగా వాడు ఈ అతిహ్రస్వ తరంగములు చూపువలె తిన్నగా పోవును గాని భూమి వంపును అనుసరించి పోవు. అందుచేత వీనికి ఎత్తే ప్రాణము. పది మీటర్ల మిద్దెమీద నిలిపిన తీగకు దిఙ్మండలము 13 కిలోమీటర్లే. అదే తీగను సుమారు 850 మీటర్ల తిరుమల కొండకు ఎత్తిన 120 కిలోమీటర్లగును. పూర్వపు చిత్తూరు జిల్లాలోని హార్సిలీ కొండమీద, 1,265 మీటర్ల యెత్తున, 145 కిలోమీటర్ల పర్యంతము చేతికందును. ఈ లెక్కకు పెద్ద గణితము పనిలేదు. ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును నాలుగున్నొక పాలుతో గుణించిన చాలును. ఇంతకును చెప్పవచ్చిన దేమన, ప్రకృతి మన సీమకు కొండ లిచ్చినది. కొండతోపాటు దూరశ్రవణ మిచ్చినది.

ఇక ఒక సంగతి ఊహింతము. చెన్నపట్టణమునుండి రాణిపేట, చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగుళూరునకు పోవు పాత రహదారిని ఒక రాత్రి సైనిక శకటములు వరుసగా పోవుచున్నవి. ముందు బండివాడు వెనుక బండివానితో, "ఘాటువద్ద లారీ అడ్డము పడినది, అయిదు నిమిషము లాగుడు" అనును. వెనుకవాడు, "ఆరవ బండికి చక్రము గాలి పోయినది" అనును. మన పిల్లవాడు మిద్దెమీద దానిని వినెను. అతనికి ఒడలు పులకరించును. మా వాడు తప్పుచేసినాడని మేము వెంటనే అనజాలము. మనిషికి చెవి యున్నది, గాలిలో మాట యున్నది, రెండును కలిసినవి. అయితే ఆ పిల్లవాడు అంతటితో ఊరకుండడు. ఆ మాటలను పట్టి భద్రపఱచి, తరంగము సంఖ్యయు, సమయమును, ఊరును చేర్చి, తన మిత్రులకు కాదు, ప్రపంచమునకే వినిపించును. పది నిమిషములలో పదివేలమంది విందురు. ఆ పదివేలలో ఒకడు వేఱొక ఉద్దేశముతో విను వాడు.

"చక్రము గాలి పోయినదను మాట విన్నంతమాత్రమున శత్రువు గెలుచునా?" అని పెద్దమనుష్యులే మమ్ము అడిగిరి. అడగదగిన ప్రశ్నయే. ఆ ఒక్క మాటవలన ఎవ్వడును గెలువడు. కాని సేనల రహస్యములు ఒక్క మాటలో ఎన్నడును ఉండవు. ఎన్ని బండ్లు, ఏ దిక్కునకు, ఎన్ని గంటలకు, ఎవని గొంతు, ఎవనికి ఎవడు లోబడి మాటాడుచున్నాడు, నిన్న వినబడిన పేరు నేడు ఏ యూరనుండి వినబడుచున్నది — వీనినన్నిటిని ఓపికతో గ్రుచ్చినవానికి మాల తయారగును. మాటలు గూఢలిపిలో నున్నప్పుడు సయితము, అవి ఎచ్చటనుండి ఎంతసేపు వచ్చినవో లెక్కించియే సేనల చోటును కదలికను కనిపెట్టు విద్య యొకటి రెండవ ప్రపంచ యుద్ధమున బాగుగా పెరిగినది. అట్టివారికి మన పిల్లవాడు కూలిలేని గుమాస్తా యగును.

చరిత్రలో దీనికి తార్కాణము వెదుకనక్కఱలేదు. 1914 ఆగస్టులో తూర్పు ప్రష్యామీదికి పోయిన రష్యను సేనలు తమ ఆజ్ఞలను గూఢలిపి లేకయే వైర్లెస్సుమీద పంపుకొనిరి. జర్మనులు వినిరి. సాంసొనోవు సేనాని నడపిన రెండవ సైన్యము టానెన్‌బర్గువద్ద చుట్టువడి నశించినది. సుమారు 90 వేలమంది చెఱవడిరి. సేనాని అడవిలో తన్ను తానే కాల్చుకొనెను. నూటయెనిమిది సంవత్సరములు గడచిన పిమ్మట, 2022లో ఉక్రెయినుమీదికి దండెత్తిన రష్యనులే మరల మరుగులేని రేడియోలలో మాటాడుకొనిరి. ఈసారి విన్నవారు సేనాధికారులు మాత్రమే కారు. దేశదేశముల ఔత్సాహికులు తమ తమ ఇండ్లలో కూర్చుండి, ఇంటర్నెట్టుతో కలుపబడిన గ్రాహక యంత్రములద్వారా విని, పట్టి, లోకమునకు వినిపించిరి. దండెత్తినవాని రహస్యము బయటపడినందుకు మనలో పలువురు సంతోషించిరి. ఆ సంతోషములో ఒక సంగతిని చూడకపోతిమి: ఆ యంత్రములకు న్యాయాన్యాయములు తెలియవు. ఎవని పక్షము ధర్మమైనను అవి ఒక్క తీరుననే విన్నవి.

మన సీమకు ఇది దూరపు ముచ్చట కాదు. 2025 మే నెలలో జమ్మూ కాశ్మీరమున ప్రాణము లర్పించిన అగ్నివీరుడు మురళీనాయక్ గోరంట్ల మండలమునందలి కల్లితండా బిడ్డ. ఆయన మరణమునకును రేడియోకును సంబంధమున్నదని మేము అనుట లేదు. అనిన అది అపచారము. రాయలసీమ పల్లెలనుండి సరిహద్దునకు పోయినవారు ఎందఱో కలరనియు, మిద్దెమీద వినబడు గొంతు ఎవని అన్నదియో కావచ్చుననియు మాత్రమే అనుచున్నాము. శత్రువు మాట విన్నప్పటి కుతూహలము వేఱు. మన యింటివాని మాట విన్నప్పుడు నోటికి రావలసిన బిగువు వేఱు.

అడవి సంగతి ఇంకను దగ్గఱిది. శేషాచలమున ఎఱ్ఱచందనపు కాపుదలకై తిరుగు వారు చేతి రేడియోలతోనే ఒకరినొకరు పిలుచుకొందురు. ఏ లోయలో ఎందఱున్నారో, ఏ దారిన దిగుచున్నారో కొయ్యదొంగ చెవిని పడిన, ఆ రాత్రి కాపు వ్యర్థము. ఒక్కొక్కప్పుడు కాపువాని ప్రాణమే అపాయమున పడును. సైన్యపు రహస్యమునకు దేశము కావలి కాయును. గార్డు రహస్యమునకు ఎవరు కావలి?

ఇక శాసనముల మాట. ఇందులో పరప్రభుత్వపు వాసన ఇంకను పోలేదని మా యభిప్రాయము. 1885 టెలిగ్రాఫు శాసనము గాలిలో మాట పుట్టకమునుపే పుట్టినది. 1933లో ఆంగ్లప్రభుత్వమువారు వైర్లెస్సు శాసనము చేసి, లైసెన్సు లేక యంత్రము ఇంట నుంచుకొనుటయే నేరమనిరి; మొదటి తప్పునకు నూరు రూపాయల వఱకు జరిమానా. 1939లో యుద్ధము రాగానే ఔత్సాహికుల లైసెన్సులన్నిటిని రద్దుచేసి యంత్రములను అప్పగింపుమనిరి. ప్రజ వినుట వారికి భయము. ఆ భయము నిష్కారణమును కాదు. 1942లో ఉషా మెహతాగారును, ఆమె తోడివారును బొంబాయిలో రహస్యముగా నడిపిన కాంగ్రెసు రేడియో 42.34 మీటర్ల మీద పలికినది. పోలీసులు తరంగము వచ్చు దిక్కును కనిపెట్టు యంత్రములతో వీథులు గాలించి, నవంబరులో వారిని పట్టుకొనిరి. అదే సంవత్సరమున సుభాసు బాబుగారి గొంతు జర్మనీనుండి వచ్చినప్పుడు తలుపులు వేసికొని విన్న కుటుంబములు ఈ దేశమున ఎన్నియో కలవు. ఆనాడు చాటుగా వినుటయే దేశభక్తి.

స్వరాజ్యము వచ్చిన తరువాత సయితము ఇంటి రేడియోకు లైసెన్సు పుస్తకము పోలేదు. పోస్టాఫీసులో ఏటేట రుసుము కట్టి ముద్ర వేయించుకొన్న సంగతి పెద్దలకు జ్ఞాపకమే. పాటలు వినుటకును, పంటల ధరలు వినుటకును పౌరుడు ప్రభుత్వము ననుమతి అడుగవలసినవాడుగ 1980ల వఱకు నుండెను. ఇప్పుడు 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్సు శాసనము పాత శాసనముల స్థానమున నిలుచుటకై చేయబడినది. దాని 42వ విభాగము 2024 జూన్ 26వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అన్యాయముగా సందేశమును పట్టినవానికి మూడేండ్ల వఱకు చెఱసాల, లేక రెండు కోట్ల రూపాయల వఱకు జరిమానా, లేక రెండును. నూరు రూపాయలనుండి రెండు కోట్లకు వచ్చితిమి. శిక్ష పెరిగినది గాని దృష్టి పెరిగినదా యని మా సందేహము. కుతూహలముతో విని మఱచినవాడును, విని లోకమునకు చాటినవాడును, విని డబ్బునకు అమ్మినవాడును ఆ విభాగమున ఒక్క మెట్టుమీదనే నిలువబడియున్నారు. న్యాయాధిపతి విచక్షణ చూపవచ్చును. కాని పోలీసు ఠాణాకు న్యాయాధిపతి రాడుగదా.

ఈ విషయమున అమెరికావారి పద్ధతి చూడదగినది. వారి 1934 శాసనము, పంపినవాని యనుమతి లేక ఒక రేడియో సందేశమును పట్టి దానిని వెల్లడించుటను నిషేధించినది. అనగా బరువంతయు వెల్లడించుటమీద నుంచిరి. తరువాత 1986లో చేతి ఫోనుల సంభాషణ మొదలగువానికి మఱింత కట్టుబాటు చేసిరి. అందుచేత ఆ దేశమున ఊరి అగ్నిమాపక దళమును, పోలీసులను, సేనాశిబిరముల మామూలు సంభాషణలను స్కానరుతో వినుట వేడుకగా ప్రబలినది. రిజర్వు సేనల తరంగసంఖ్యల పట్టికలు సయితము ఔత్సాహికులు తయారుచేసికొందురు. దానిని మేము యథాతథముగ మెచ్చుట లేదు. రెండు సముద్రముల నడుమ నిశ్చింతగా నున్నవారి స్వేచ్ఛ, రెండు సరిహద్దులలో మంట రగులుచున్న మనకు చెల్లదు. బ్రిటనువారు దీనికి వ్యతిరేకముగా, తనకు ఉద్దేశింపబడని సందేశమును ఎఱిఁగి ఎఱిఁగి వినుటయే నేరమని 2006 శాసనములో ఉంచిరి. ఆ కాఠిన్యమును మాకు రుచింపదు. విచిత్రమేమనగా, ఆ బ్రిటనే తనకు ఆపద వచ్చిననాడు ఏమి చేసినదో చూచిన, మనము నేర్చుకొనదగిన పాఠము దాని శాసనములో గాక దాని చరిత్రలో నున్నది.

1939లో బ్రిటిషు ప్రభుత్వము అచ్చటి ఔత్సాహికుల ప్రేషక యంత్రములను స్వాధీనము చేసికొన్నది. ఆ వెంటనే, జర్మను గూఢచారులు దేశములోనుండి రహస్యముగా వార్తలు పంపుచున్నారేమో యను అనుమానము పుట్టినది. వినుటకు చెవులు చాలలేదు. అప్పుడు ఎవరి యంత్రములను లాగుకొనిరో వారి యిండ్లకే మరల పోయి తలుపు తట్టిరి. రహస్యము కాపాడుదునని సంతకము చేయించుకొని, వారిని స్వచ్ఛంద శ్రోతలుగా నియమించిరి. ఉద్యోగస్థులు, గుమాస్తాలు, బడిపంతుళ్లు, గనికూలీలు — సుమారు 1,500 మంది — పగలు తమ పని చేసికొని, రాత్రివేళ పడకగదిలోనో, వెనుక కొట్టములోనో చెవులకు శ్రవణయంత్రములు తగిలించుకొని, బలహీనమైన మోర్సు సంకేతములను వెదకిరి. ఏమి వినిరో వారికి తెలియదు. గూఢలిపి అక్షరములు అయిదేసిగా వ్రాసి, బార్నెట్టులోని ఒక తపాలా పెట్టె సంఖ్యకు పంపుటయే వారి పని. ఇరుగుపొరుగువారు కొందఱిని యుద్ధమునకు పోని పిఱికివారని ఎగతాళి చేసిరట; భార్యకును చెప్పరాదు గనుక వారు నోరు మూసికొని భరించిరి. ఇంగ్లండులోని గూఢచారులు తక్కువగనే దొరకిరి గాని, ఐరోపా యంతట పరచుకొన్న జర్మను గూఢచారిశాఖ సంభాషణ అంతయు వారి కాగితములమీద పడినది. ఆ కాగితములే బ్లెచ్లీ పార్కున గూఢలిపి విప్పువారికి ముడిసరకైనవి.

విని, వ్రాసి, నోరు మూసికొని, తగినచోటికి అందజేసినవా రీ పదునైదువందలమంది. తక్కిన సగము మనదేశముననే దొరకుచున్నది. 2024 డిసెంబరులో వచ్చిన వార్త పాఠకులలో కొందఱైనను చూచియుందురు. బంగ్లాదేశపు సరిహద్దు ప్రాంతములలో అర్ధరాత్రి దాటిన తరువాత బెంగాలీ, ఉర్దూ, అరబ్బీ మాటలతో అనుమానాస్పదమైన సంభాషణలు వినబడుచున్నవని పశ్చిమ బంగాళపు ఔత్సాహిక రేడియో సంఘమువారు కనిపెట్టి, కేంద్ర ప్రభుత్వమునకు తెలియజేసిరి. ఆ సంకేతముల జాడ తీయు పని కలకత్తాలోని పర్యవేక్షణ కేంద్రమునకు అప్పగింపబడినది. వారు దానిని ముందుగా లోకమునకు వినిపించి కీర్తి సంపాదింపవలె ననుకొనలేదు. కేంద్రమునకు చెప్పిరి, పిమ్మటనే పత్రికలకు తెలిసినది.

మన తెలుగువారి సంగతియు ఒకటి చెప్పక తప్పదు. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థవారి బృందము 2004 డిసెంబరులో అండమాను దీవులకు పోయియుండెను. సునామీ వచ్చి తంతులు, టెలిఫోనులు తెగిపోయిన సమయమున, ఆ బృందమునకు నాయకురాలైన భారతీ ప్రసాదుగారు పోర్టుబ్లెయరునుండి తమ చిన్న యంత్రముతో వార్తలు అందించిరి. వేడుకకు నేర్చిన విద్య ఆపదకు అక్కఱకు వచ్చినది.

మా సీమ యువకులు ఏ విద్యయు లేనివారు కారు. పాకాల దారిలో గాదంకివద్ద 1,024 ఆంటెన్నాలు బారులు తీర్చిన రాడారు కలదు; 53 మెగాహెర్ట్జులమీద ఆకాశమునకు తరంగములు పంపి, గాలి సుడులనుండి తిరిగివచ్చు అతిసూక్ష్మమైన ప్రతిధ్వనిని అది వినును. 2022నుండి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోనిది. అచ్చటనుండియే 2005 మే 5వ తేదీన ఔత్సాహికుల కొఱకు ప్రత్యేకముగా చేయబడిన హామ్‌శాటు ఉపగ్రహము ఎగిరినది. తిరుపతిలో 1954నాటి విశ్వవిద్యాలయము కలదు, 2015నాటి ఐఐటి కలదు. ఇన్ని విద్యలనడుమ పెరుగు పిల్లవాడు చేతిలో మూడువేల రూపాయల యంత్రముతో దొంగచాటుగా వినుచున్నాడనిన, తప్పు పిల్లవానిదా, వానికి రాజద్వారము చూపనివారిదా?

రాజద్వారము లేకపోలేదు. పండ్రెండేండ్లు నిండినవాడు ఎవడైనను పరీక్ష వ్రాసి ఔత్సాహిక రేడియో లైసెన్సు పొందవచ్చును. 1978 నిబంధనలలో మాటాడక వినుటకు మాత్రమే పనికివచ్చు శ్రోతల లైసెన్సు అని వేఱొక తరగతి కూడ నుండెను. అది చాల తెలివైన ఏర్పాటని మా తలంపు. శ్రోత పేరు, ఊరు ప్రభుత్వము పుస్తకమున నుండును. ఏమి వినవచ్చునో, ఏమి వినరాదో, పొరపాటున విన్నదానిని ఏమి చేయవలెనో వానికి ఒకమారైనను ఎవరో చెప్పియుందురు. అంతియగాని, బజారులో యంత్రము అమ్మనిచ్చి, ఇంట పెట్టుకొన్నవానిని బెదరించుటవలన ఒనగూడు ప్రయోజనము మాకు కనబడదు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము అంతర్జాలపు అంగళ్లు పదమూటికి తాఖీదులిచ్చి, లైసెన్సు సంగతి చెప్పక వాకీటాకీలు అమ్ముచున్నారేమని అడిగినది. మంచి పని. 446 మెగాహెర్ట్జులవద్ద చిన్న శక్తిగలవానికి లైసెన్సు అక్కఱలేదు, మిగిలినవానికి కావలెను. ఈ భేదము అమ్మువానికే తెలియనప్పుడు కల్యాణమంటపమున పనివారిని పిలుచుటకు కొన్న వంటమేస్త్రికి ఎట్లు తెలియును? అట్టివాడు తెలియక ఏ పోలీసు తరంగముమీదనో "సాంబారు దింపినారా" అని యడిగిన దానిని నేర మనవలెనో హాస్య మనవలెనో! అయితే బ్రహ్మోత్సవములలో గరుడసేవ రాత్రి లక్షలమంది మాడవీథులలో క్రిక్కిఱిసియుండగా, అదే తరంగముమీద ఒక అబద్ధపు మాట పోయినచో హాస్యము కాదు.

ప్రభుత్వమువారికిని మేము ఒక మాట చెప్పవలసియున్నది. రహస్యమును శాసనముతో కాపాడుకొనజూచుట, దాపురించిన దొంగకు నోటీసు అంటించుటవంటిది. శత్రువు మన శాసనమునకు లోబడడు. కొయ్యదొంగ 42వ విభాగము చదువడు. శాసనముచేత అదుపులో నుండువాడు మన పిల్లవాడొక్కడే. మాటను సంఖ్యలుగా మార్చి, తాళపుచెవి యున్నవానికి తప్ప అన్యులకు బుసబుస శబ్దముగా మాత్రమే వినబడునట్లు చేయు రేడియోలు నేడు విరివిగా దొరకుచున్నవి. యుద్ధరంగమున నిలుచు దళములకు అవి ముందుగా చేరును. వెనుక నిలుచు రిజర్వు దళములకును, వంతెనలకు కాపుండువారికిని, అడవి గార్డులకును చేరుట ఏ దేశమునైనను ఆలస్యమగుచున్నది. ఆ ఆలస్యమునకు పరిహారము విద్యార్థి చేతి బేడీ కాదు. ఖజానాలోనుండి డబ్బు తీసి రేడియోలు కొనవలెను. కొన్న తరువాత వానిని తాళము వేసియే వాడునట్లు అలవాటు చేయవలెను. ఖరీదైన తాళము కొని, తొందరలో తలుపు తీసి పెట్టు సైనికుడు అన్ని సేనలలోను ఉండును. అది యంత్రపు లోపము కాదు, శిక్షణ లోపము.

శాసనమును సవరించుటకు పార్లమెంటు కావలెను. అది మన చేతిలోని పని కాదు. నిబంధనలలోనైనను మూడు మెట్లు కట్టుట అసాధ్యము కాదు. కుతూహలముతో విని ఊరకున్నవానిని హెచ్చరించి లైసెన్సు దారి చూపుట ఒకటి. విన్నదానిని పట్టి చాటినవానికి జరిమానా రెండవది. అమ్మినవానికి, శత్రువున కందించినవానికి 1923నాటి రహస్యముల శాసనము చెప్పు చెఱసాల మూడవది. వీనితోపాటు, అనుమానపు సంకేతము విన్న పౌరుడు భయము లేక తెలియజేయుటకు జిల్లాకొక చిరునామా కావలెను. "నీవు దానిని వినుచుంటివేమి?" అని మొదట వానినే నిలదీయు ఠాణాకు ఎవ్వడును పోడు. బంగాళపు సంఘమువారికి లైసెన్సులున్నవి గనుక ధైర్యముగా చెప్పిరి. అదే మాట వినిన లైసెన్సు లేని పిల్లవాడు ఏమి చేయును? మిత్రులకు చెప్పును, లేక మిన్నకుండును. రెండును దేశమునకు నష్టమే.

ఇచ్చటనే జరుగదగిన పని యొకటి కలదు. ఔత్సాహిక లైసెన్సు పరీక్షను తిరుపతిలోను, చిత్తూరులోను ఏటికి రెండుమార్లు నియతముగా జరిపించుటకు ఒక గదియు, ఒక అధికారియు, ఒక ఆదివారమును చాలును. కళాశాలలలో సంఘములు పెట్టించుటకు గాదంకి శాస్త్రజ్ఞులను ఒక సాయంకాలము వచ్చి మాటాడుడని యడిగిన వారు కాదనరని మా నమ్మకము. పఠనమందిరములవారు పరీక్షకు కావలసిన పుస్తకములు రెండు ప్రతులు తెప్పించి బల్లమీద నుంచవచ్చును; వానిని తెలుగులోనికి తెచ్చువారున్న మఱియు మేలు. రెండు జిల్లాల కలెక్టరుగార్లు ఈ విషయమై టెలికమ్యూనికేషన్సు శాఖవారికి ఒక ఉత్తరము వ్రాసిన, దాని ప్రతిని ఈ పుటలో సంతోషముతో అచ్చువేయుదుము.